తాడు చివర నడిచినవాడు

నాకు ఆ పేరు వచ్చిన రోజు నేను గడ్డి కోస్తున్నాను. ఎండ బాగా కాస్తోంది. కొడవలి నూరుకుని తల ఎత్తేసరికి ఊరి రైతులు గట్టు మీద నిలబడి ఉన్నారు. అందరిలోకీ పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కూలివాడి ముందు రైతు టోపీ తీశాడంటే ఏదో పెద్ద పనే.

"మార్టెన్, సిపాయిగా పోతావా?" అన్నాడు.

"యుద్ధం నడుస్తోంది కదండీ."

"నడుస్తోంది కాబట్టే అడుగుతున్నాం."

స్వీడన్ రాజు ఏలుబడిలో ఉన్న మా ఓస్టర్‌బోటెన్ సీమలో పద్ధతి అది. కొన్ని పొలాలవాళ్ళు కలిసి రాజుగారికి ఒక సిపాయిని ఇచ్చుకోవాలి. ఆ సిపాయికి ఒక గుడిసె, కాస్త భూమి, ఒక పేరు ఇస్తారు. ఆ పేరు గుడిసెకు చెందింది. సిపాయి పోతే తరవాత వచ్చేవాడు అదే గుడిసెలో ఉంటాడు, అదే పేరు మోస్తాడు. మా గుడిసె పేరు స్టోల్ట్. పొగరున్నవాడు అని అర్థం.

అంతకుముందు స్టోల్ట్ పేరు మోసినవాడు గాబ్రియెల్. ఆ చలికాలం రష్యా సైన్యం మీద పడితే మనవాళ్ళు ఉత్తరానికి వెనక్కి తగ్గారు. అప్పుడు గడ్డకట్టిన అఖాతం మీద సామాను బండి తోలుతూ వెళ్ళాడు గాబ్రియెల్. మంచుపలక విరిగి గుర్రంతో, బండితో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు.

"ఆయన భార్య ఉందిగా గుడిసెలో?" అన్నాను.

పెద్దాయన టోపీ అంచు నలుపుతూ, "కొత్త సిపాయి వస్తే ఖాళీ చెయ్యాల్సిందే. లేదంటే... నువ్వే వెళ్ళి ఓ మాట అడుగు," అన్నాడు.

సాయంత్రం వెళ్ళాను. మలేనా గుమ్మం ముందు కట్టెలు కొడుతోంది. నన్ను చూసి గొడ్డలి ఆపలేదు.

"నన్ను చూడ్డానికొచ్చావా, గుడిసెను చూడ్డానికొచ్చావా?"

"రెంటినీ."

"అబద్ధం చెప్పడం రాదన్నమాట. మంచిదే. నీకంటే పెద్దదాన్ని, తెలుసా?"

"తెలుసు."

"ఒక కూతురుంది. రిక్కా. అది నిన్ను నాన్నా అని పిలవదు."

"మార్టెన్ అని పిలవనీ."

"మార్టెన్ ఎవడు? రేపట్నుంచి నువ్వు స్టోల్టువే," అని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "గాబ్రియెల్ మంచివాడు. కాకపోతే చేతికి వచ్చింది వదిలేవాడు కాదు. పేకాటలో ఓడిపోయాక కూడా ముక్కలు కింద పెట్టేవాడు కాదు."

కోతలు కాకముందే మా పెళ్ళయింది. కోతలయ్యాక నేను యుద్ధానికి వెళ్ళాను.

ఎక్కడో దక్షిణాన ఓ నది మధ్య తెప్ప మీద నెపోలియనూ, రష్యా జారూ చేతులు కలిపారట. మా స్వీడన్ రాజు నెపోలియన్ ముందు తల వంచనన్నాడు. ఆ తల వంచించే పని జార్‌కు అప్పగించారు. వాళ్ళ మధ్య మాటలు ఏమయ్యాయో నాకు తెలీదు. మా ఊళ్ళు తగలబడటం తెలుసు. శరదృతువులో పోరాడాం, ఓడాం, మళ్ళీ ఉత్తరానికి నడిచాం. తూటాలకు పోయినవాళ్ళకంటే జ్వరాలకు పోయినవాళ్ళే ఎక్కువ. గడ్డివాముల్లో, చర్చి వసారాల్లో, ఎక్కడ పడుకున్నవాడు అక్కడే లేవలేదు. చలికాలం చివర్లో, కాలిక్స్ అనే ఊరి దగ్గర, మా సేనాపతి లొంగిపోయాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మంచులో వరసగా నిలబెట్టారు. ఓ రష్యా కుర్రాడు నా తుపాకీ తీసుకుని, కనీసం దాని వంక చూడకుండా కుప్పలో పడేశాడు. తుపాకీమందు సంచీ తీసుకున్నాడు. జెండా ఎవరో చుట్టి పట్టుకుపోయారు. మా వరసలో పెద్ద పెద్ద మీసాలవాళ్ళు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. దవడలు నొప్పెట్టేలా పళ్ళు బిగించాను. ఇక ఈ జన్మలో ఎవడికీ ఏదీ ఇవ్వను అనుకున్నాను.

ఇళ్ళకు పొమ్మన్నారు.

మా వైపు వెళ్ళేవాళ్ళం ముగ్గురం కలిశాం. కార్పొరల్ ఫ్లింక్, చాలా యుద్ధాలు చూసిన మనిషి. ఐసాక్ రాస్క్, నా ఈడువాడు, నోరు మూయడం తెలీనివాడు. నేను. తీరం వెంట దారి చుట్టు ఎక్కువ. పైగా ఆ దారి పొడుగునా కొసాక్కులు, రష్యావాళ్ళ గుర్రపు సిపాయిలు. అందుకని అఖాతాన్ని అడ్డంగా దాటి పోదామన్నాడు కార్పొరల్. సముద్రం ఇంకా గట్టిగా గడ్డకట్టే ఉంది. బండ్లవాళ్ళు దారి గుర్తుకు పాతిన కొమ్మలు దూరం దాకా నల్లగా కనిపిస్తున్నాయి.

తెల్లవారగానే బయల్దేరాం. ఆకాశం నిర్మలంగా ఉంది. కాళ్ళ కింద మంచు కరకరమంటోంది. ఐసాక్ ఇంటికెళ్ళాక ఏమేం తింటాడో ఏకరువు పెడుతున్నాడు.

"ముందు బార్లీ జావ. వెన్న వేసుకుని. తరవాత పొగబెట్టిన చేప. తరవాత..."

"తరవాత మీ ఆవిడ చేతి దెబ్బలు," అన్నాడు కార్పొరల్.

"అవి కూడా వేడివేడిగా తింటాను కార్పొరల్."

ముగ్గురం నవ్వాం. లొంగిపోయాక మేము నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. అంత పెద్ద సముద్రం మీద చప్పుడన్నదే లేకుండా పోయింది. పడమటి నుంచి ఓ తెల్లటి గోడ నెమ్మదిగా మా వైపు జరిగింది. మంచుపొగ. చూస్తూండగానే ఆకాశం, నేల కలిసిపోయాయి. చాపిన చెయ్యి మసక. ముందున్న కొమ్మ లేదు, వెనక కొమ్మ లేదు. ఎటు చూసినా పాలల్లో మునిగినట్టుంది.

కార్పొరల్ తన మూటలోంచి తాడు తీశాడు. ముందు తాను, మధ్యలో ఐసాక్, చివర నేను. నా నడుం చుట్టూ ముడి వేశాక ఇంకా కొంత తాడు మిగిలింది. కోయడం దండగని అలాగే వదిలేశాడు. అది నా వెనకాల మంచు మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"నేను 'ఉన్నారా' అంటాను. వరసగా పేరు చెప్పండి," అన్నాడు. "పేరు వినబడకపోతే ఆగుతాను."

నడిచాం. కాసేపటికి ముందునుంచి గొంతు వినిపించింది.

"ఉన్నారా?"

"రాస్క్!"

"స్టోల్ట్!"

మళ్ళీ నడక. మళ్ళీ అదే ప్రశ్న. అవే జవాబులు. ఎంతసేపు అలా నడిచామో తెలీదు. ఆ తెలుపులో పొద్దు ఎక్కడుందో కూడా తెలియడంలేదు.

"ఉన్నారా?"

"రాస్క్!"

"స్టోల్ట్!"

"స్టోల్ట్."

అడుగు పడలేదు నాకు. ఆ రెండో మాట నాది కాదు. నా వెనక నుంచి వచ్చింది. అరవలేదు. మామూలుగా, పక్కింటివాడు పలకరించినట్టు...

"ఒరే మార్టెన్, రెండుసార్లు అంటావేంరా?" అన్నాడు ఐసాక్.

"నేను ఒక్కసారే అన్నాను."

"హాస్యాలాడకు."

"ఐసాక్... నేను ఒక్కసారే అన్నాను."

అప్పుడే నా నడుం దగ్గర ముడి బిగుసుకుంది. వెనక ఈడ్చుకొస్తున్న తాడు నేల మీద లేదు. గాల్లో ఉంది. సూటిగా, బిగుతుగా, ఆ తెలుపులోకి పోతోంది. రెండో కొసను ఎవరో పట్టుకున్నారు.

వాసన వచ్చింది. తడిసిన ఉన్ని, సముద్రపు నాచు, కుళ్ళిన గడ్డి. ఆ చలిలో ముక్కుకు ఏ వాసనా అందదు. అయినా వచ్చింది.

కార్పొరల్ తాడు పట్టుకుంటూ వెనక్కి మా దగ్గరికి వచ్చాడు. తల పక్కకు వంచి విన్నాడు. ఆయన మొహంలో భయం కోసం చూశాను. లేదు. అంతకంటే ఘోరమైనది ఉంది. సంతోషం.

"గాబ్రియెల్," అన్నాడు గుసగుసగా.

"కార్పొరల్, వద్దు," అన్నాను.

"ఆ బండి మీద వాణ్ణి కూర్చోబెట్టింది నేనేరా. గడ్డ పల్చగా ఉందని వాడు చెబుతూనే ఉన్నాడు. వినలేదు." తన నడుం ముడి విప్పుకుంటున్నాడు. "మునిగేటప్పుడు నా పేరు పెట్టి పిలిచాడు. ఒక్కణ్ణి వదిలేసి వచ్చాను. మళ్ళీ వదలమంటావా?"

చెయ్యి పట్టుకున్నాను. ఐసాక్ ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముసలాయన మా ఇద్దరినీ చిన్నపిల్లల్ని తోసినట్టు తోసేసి, నన్ను దాటి, ఆ బిగుసుకున్న తాడు వెంట చెయ్యి జారుస్తూ వెళ్ళాడు. కాసేపు వీపు కనిపించింది. తరవాత అదీ లేదు.

మాటలు వినిపించాయి. కార్పొరల్ ఏదో అడుగుతున్నాడు. ఇంకెవరో నెమ్మదిగా జవాబిస్తున్నారు. ఓ చిన్న నవ్వు...

తరవాత ఏమీ లేదు. గడ్డ విరిగిన చప్పుడు లేదు. నీళ్ళ చప్పుడు లేదు. కేక లేదు.

తాడు మాత్రం ఇంకా బిగుతుగానే ఉంది.

"ఉన్నారా?" అంది గొంతు. కార్పొరల్ అడిగినట్టే. కానీ కార్పొరల్ గొంతు కాదు.

ఐసాక్ నా భుజం పట్టుకున్నాడు. వాడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"స్టోల్ట్," అని దానికదే జవాబు చెప్పుకుంది. ఈసారి దగ్గరగా. తాడు పొడవంత దూరంలో ఒక బూడిదరంగు ఆకారం. మనిషంత ఎత్తు. మొహం ఉండాల్సిన చోట తెలుపే. కోటు అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఉమ్మి కింద పడేలోగా గడ్డకట్టే ఆ చలిలో... టప్ టప్‌మని నీళ్ళు.

"ఆ పేరు నాది," అంది.

నడుం ముడి మీద చెయ్యి వేసి బిగించి పట్టుకున్నాను.

"మలేనా ఆ పేరుతో వచ్చింది. గుడిసె ఆ పేరుతో వచ్చింది. నా బిడ్డ, నా పొయ్యి, నా పక్క... అన్నీ పేరుతోనే. నువ్వు స్టోల్ట్ కాదని ఒక్కసారి అను. చాలు. మార్టెన్‌గా వెళ్ళిపో. నిన్నెవరూ ఆపరు."

"అనెయ్‌రా," అన్నాడు ఐసాక్ ఏడుస్తూ. "పేరేగా! ఇచ్చెయ్. పారెయ్. మనం ఇంటికి పోదాం."

నిజం చెబుతున్నాను, నోటిదాకా వచ్చింది. ఒక్క మాట. అంతే కదా. కానీ ఆ క్షణంలో నాకు కాలిక్స్ గుర్తొచ్చింది. ఆ కుర్రాడు, చూడకుండా కుప్పలో పడేసిన నా తుపాకీ, చుట్టి పట్టుకుపోయిన జెండా. అడిగినవాడికల్లా అన్నీ ఇచ్చేశాం. వరసలో నిలబడి, చేతులు చాపి ఇచ్చేశాం. ఇప్పుడు చచ్చినవాడు కూడా వచ్చి నా ముందు చెయ్యి చాపాడు.

భయం పోలేదు. భయం మీదే కోపం వచ్చి కూర్చుంది.

"ఇవ్వను," అన్నాను.

తాడు ఒక్క గుంజు గుంజింది. బోర్లా పడ్డాను. లేచాను.

"ఇవ్వను! నువ్వు చచ్చిపోయావు గాబ్రియెల్. అందుకు నాకు బాధే. నిన్ను చంపింది రాజుల పంతం, పల్చటి గడ్డ. నేను కాదు. నీ ఇంటి కప్పు కారుతుంటే పైకెక్కి కప్పింది నేను. నీ గడ్డి కోసింది నేను. నీ కూతురు జ్వరంతో ఉంటే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగింది నేను. ఆ పేరు పెట్టి పిలిస్తే ఫిరంగుల ముందుకు నడిచింది కూడా నేనే. నువ్వు మోసినన్నాళ్ళు నీది. ఇప్పుడు నాది. కావాలా? రా! వచ్చి నా నోట్లోంచి లాక్కో!"

తాడు కోసేద్దామని ఐసాక్ కత్తి తీశాడు. వాడి చెయ్యి తోసేశాను. రెండు చేతులా తాడు పట్టుకుని నా వైపు లాగడం మొదలుపెట్టాను. మొదట రాలేదు. ఎద్దును లాగినట్టుంది. "రా!" అని అరుస్తూ లాగాను. బూటు మడమలు మంచులో దిగబడ్డాయి. ఉన్నట్టుండి బరువు పోయింది. తాడు గబగబా వచ్చేసింది. ఆకారం లేదు.

తాడు కొసను కార్పొరల్ చేతితొడుగు పట్టుకుని ఉంది. వేళ్ళు బిగించి, పిడికిలి కట్టి, ఇనుములా గడ్డకట్టి. లోపల చెయ్యి లేదు.

ఐసాక్ దాన్ని చూసి వాంతి చేసుకున్నాడు.

"లే," అన్నాను వాడితో. "ఇక ముందు నేను నడుస్తాను. ప్రతి అడుగుకీ నీ పేరు నువ్వు అరవాలి. నా పేరు నేను అరుస్తాను."

"ఎందుకురా?"

"మనమింకా ఇక్కడున్నామని దానికి తెలియాలి."

నడిచాం. స్టోల్ట్! రాస్క్! స్టోల్ట్! రాస్క్! గొంతులు పగిలిపోయేలా అరుచుకుంటూ నడిచాం. అరిచినప్పుడల్లా కాళ్ళ కింద, గడ్డకు అవతలివైపు నుంచి, ఎవరో పిడికిలితో కొట్టినట్టు... ఠక్. నా అడుగు ఎక్కడ పడితే సరిగ్గా అక్కడే. ఆగితే ఆగేది. నడిస్తే నడిచేది. నేను ఆగడం మానేశాను. ఠక్‌మన్నచోటల్లా బూటు మడమతో తిరిగి కొట్టాను.

చివరికి కట్టెపొగ వాసన తగిలింది. కుక్క మొరిగింది. కాళ్ళ కింద గడ్డ పోయి ఎండిన రెల్లు విరిగింది. నేల! ఐసాక్ బోర్లా పడి ఆ రెల్లును కౌగిలించుకున్నాడు. అఖాతం వైపు తిరిగి చూశాను. అంతా తెలుపే. నోట్లో నెత్తురు ఉప్పగా ఉంది. ఆ నెత్తురు అటువైపే ఉమ్మాను.

ఈస్టర్ పండగ దాటాక మా ఊరు చేరాను. ఐసాక్ అంతకుముందే వాళ్ళ ఊరి మలుపు దగ్గర విడిపోయాడు. మధ్యాహ్నపు ఎండకు చూరునుంచి మంచు కరిగి కారుతోంది. సగం ఊరు మసిగోడలు. మా గుడిసె నిలబడే ఉంది. పొగ వస్తోంది. పరుగెత్తాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టాను.

"ఎవరు?" మలేనా గొంతు.

"నేనే. స్టోల్ట్."

లోపల ఇనుము నేల మీద ఈడ్చిన చప్పుడు.

"ఏ స్టోల్ట్?"

అరచేత్తో తలుపు మీద చరిచాను.

"మార్టెన్‌ని. తలుపు తియ్."

తలుపు కొద్దిగా తెరుచుకుంది. ముందు గొడ్డలి వచ్చింది. దాని వెనక మలేనా. మనిషి ఎముకల గూడయింది, కళ్ళు మాత్రం అవే కళ్ళు. గొడ్డలి ఇనుమును నా నోటి దగ్గర పెట్టింది.

"ఊపిరి వదులు."

వదిలాను. ఇనుము మీద ఆవిరి పట్టింది. దాన్ని వేలితో తుడిచి చూసుకుంది. అప్పుడు గొడ్డలి కింద పడేసి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఏడవలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే.

"ఎవరొస్తున్నారు?" అని అడిగాను.

"నెలనుంచి. పొద్దు వాలగానే గుమ్మంలో నిలబడతాడు. స్టోల్ట్‌ని, తలుపు తియ్యమంటాడు. గొంతు గాబ్రియెల్‌దే. తియ్యలేదు." గడ్డం పైకెత్తింది. "ఈ ఇంటికి ఒక్కడే స్టోల్ట్, వాడు నడుచుకుంటూ వస్తున్నాడు, నువ్వు పో అన్నాను. ప్రతిరోజూ అన్నాను. నిన్న రాలేదు. మొన్నా రాలేదు."

"ఇక రాడు," అన్నాను. "వచ్చినా నేనున్నాను."

లోపలికి తీసుకెళ్ళింది. పొయ్యి పక్కన పక్క మీద రిక్కా నిద్రపోతోంది. కొట్టం వైపు నుంచి ఏ చప్పుడూ లేదు.

"ఆవు?"

"శరదృతువులోనే కొసాక్కులు తోలుకుపోయారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్క పశువు మిగల్లేదు."

"మరి పాపకేం పెడుతున్నావు?"

"చెట్టు బెరడు దంచి రొట్టె చేస్తున్నాను. ఇంకేముంది?" మలేనా గొంతు తగ్గింది. "మొదట్లో ఆకలని ఏడ్చేది. ఈమధ్య ఏడవడం మానేసింది. అదే నాకు దిగులు."

పక్క మీదికి వంగాను. మలేనా బుగ్గలు పీక్కుపోయాయి. రిక్కా బుగ్గలు గుండ్రంగా, ఎర్రగా ఉన్నాయి. నా నీడ పడగానే కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది.

"మార్టెన్," అంది నిద్రమత్తులో, నవ్వుతూ.

ఎత్తుకున్నాను. ఒంటి మీద తడిసిన ఉన్ని, సముద్రపు నాచు వాసన. ఆ నవ్వుతున్న పై పెదవి మీద తెల్లటి గీత ఉంది. వేలితో తుడిచాను. పాలు.

ఇంకా వెచ్చగా ఉన్నాయి.